బోర్లా వేస్తే ఏడ్చే పాపాయికి తువ్వాలు చుట్ట

మా పాపకు 3 నెలలు. మెడ నిలవాలని బోర్లా పడుకోబెడితే ముక్కు ఆనించి ఒకటే ఏడుపు. పరుపు మీద వేయడమే నా పొరపాటు, మెత్తదనంలో చేతులకు పట్టు దొరకదు. ఇంట్లోని వరంగల్ జంపఖానా నేల మీద పరిచి, గరుకు తగలకుండా పైన నూలు బట్ట వేశాను. పాత తువ్వాలును 2 అంగుళాల మందాన చుట్టి రొమ్ము కింద పెట్టి, చేతులు ముందుకు తీశాను. జానెడు దూరంలో మెరిసే స్టీలు పళ్లెం. అందులో తన ముఖం చూసుకుంటూ తల ఎత్తుతోంది. రెండేసి నిమిషాలు, రోజుకు మూడుసార్లు. బోర్లా పడితే బొబ్బట్లంటూ మా అత్తమ్మ అప్పుడే శనగపప్పు తెప్పించారు!

పాలు తాగిన అరగంట వరకు వద్దు, కక్కుతారు. పక్కనుంచి కదలకండి. కునుకు పడితే వెల్లకిలా తిప్పాలి. 4 నెలలు నిండినా తల నిలవకపోతే డాక్టరుకు చూపించండి.