వేసవిలో పెరటి కాపునీ, పెరట్లోకి వచ్చే పిట్టల్నీ ఇంటిల్లిపాదీ కలిసి ఆనందించడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది కోకిల. ఇంకా చీకటి విడవకముందే పెరట్లో మామిడిచెట్టెక్కి మొదలుపెడుతుంది. సెలవులకి వచ్చిన మనవలు మొదటి రెండు రోజులూ దుప్పటి ముసుగు తీయరు. మూడో రోజుకి "అమ్మమ్మా, అది కనిపించదేం?" అంటూ నా వెనకాలే వచ్చేస్తారు. ఇక అక్కణ్ణుంచి వాళ్ల సెలవులన్నీ పెరట్లోనే.

మాది గోదావరి జిల్లాలో పాత పెంకుటిల్లు. వెనక చిన్న దొడ్డి. ఒక కొత్తపల్లి కొబ్బరి మామిడి, మునగ, నిమ్మ, కరివేపాకు, మల్లెపొద, మిగతా చోటంతా కూరపాదులు. మీకు మిద్దెతోట ఉన్నా, బాల్కనీలో నాలుగు కుండీలే ఉన్నా ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు చేసుకోవచ్చు.

ముందుగా ఒక మాట. చాలా ఏళ్లు నేను ఉడత కొరికిన ప్రతి కాయకీ బాధపడ్డాను. ఒక వేసవిలో సపోటా చెట్టుకి నైలాన్ వల చుట్టించాను. రెండో రోజు పొద్దున్నే చూస్తే అందులో గోరింక ఇరుక్కుని ఉంది. కత్తెరతో ఒక్కొక్క పోగూ కత్తిరించి విడిపించేసరికి దాని కాలు దెబ్బతినే ఉంది. ఆరోజే వల తీయించేశాను. చెట్టు కాపులో వాటికీ వాటా ఉందని ముందే లెక్క వేసుకున్నాక నాకా టెన్షన్ పోయింది. ఈ పద్ధతులన్నీ ఆ లెక్కలోంచి పుట్టినవే.

1. రోజుని ఎండ ప్రకారం పంచుకోండి

మే నెలలో మా వైపు ఐదూ నలభైకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. పెరటి పనులకి, పిట్టల్ని చూడ్డానికి మంచి సమయం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. మళ్లీ సాయంత్రం ఐదు దాటాకే. మధ్యలో పిల్లల్ని పెరట్లోకి పంపకండి. ఆ వేళకి పిట్టలు కూడా ఆకుల చాటుకి చేరి నోరు తెరుచుకుని కూర్చుంటాయి.

మొక్కలకి నీళ్లు పొద్దున్నే పెట్టండి. పాదుల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరిస్తే తేమ నిలుస్తుంది. ఆ ఆకుల కింద వానపాములు, చిన్న పురుగులు చేరతాయి. వాటికోసం గోరింకలు దిగి ఆకుల్ని అటూ ఇటూ విసిరేస్తూ వెతుక్కుంటాయి. పిల్లలకి మొదట దొరికే ఆట అదే.

2. పిట్టలకి నీళ్లు పెట్టండి, తర్వాతే గింజలు

ఎండాకాలంలో పిట్టకి తిండి ఎలాగోలా దొరుకుతుంది, నీళ్లే దొరకవు. లోతు తక్కువగా, వెడల్పుగా ఉండే మట్టి మూకుడు తీసుకోండి. రెండంగుళాలకి మించి నీళ్లు వద్దు. మధ్యలో నీటి పైకి తేలేలా ఒక గరుకు రాయి పెట్టండి. తేనెటీగలు దాని మీద వాలి అంచున తాగుతాయి, రాయి లేకపోతే మునిగి చచ్చిపోతాయి. మూకుడు నీడలో, పిల్లి ఎగిరి అందుకోలేని ఎత్తులో, చుట్టూ కొంత ఖాళీ ఉండేలా ఉంచాలి. పిల్లి నక్కడానికి పొద పక్కనే ఉంటే పిట్టలు రావు.

నీళ్లు రోజూ పారబోసి కొత్తవి పోయాలి. మూడు రోజులకోసారి కొబ్బరి పీచుతో పాచి తోమాలి. నిలవ నీటిలో వారం పదిరోజుల్లో గుడ్డు నుంచి దోమ తయారైపోతుంది కాబట్టి ఇది మన ఇంటి కోసం కూడా. ఈ పని పిల్లల్లో ఒకరికి పూర్తిగా అప్పజెప్పండి. "ఇది నీ మూకుడు" అని చెప్తే చాలు, మనం గుర్తుచేయక్కర్లేదు.

గింజలకి నూకలు, కొర్రలు, సజ్జలు బాగుంటాయి. ఉప్పు కలిపిన అన్నం, చిప్స్, బిస్కెట్లు వేయొద్దు. కోతల కాలంలో వరికంకులతో అల్లిన కుచ్చు ఒకటి దాచుకుని వసారాలో దూలానికి వేలాడదీసేవాళ్లు మా పెద్దవాళ్లు. ఇప్పటికీ అల్లి అమ్మేవాళ్లున్నారు. పిచ్చుక ఆ కుచ్చుకి తలకిందులుగా వేలాడి ఒక్కొక్క గింజా ఒలుచుకుని, ఊకని కింద రాలుస్తుంది. పిచ్చుకల దినం మార్చి 20న వస్తుంది, కుచ్చు కట్టడానికి పిల్లలకి అదొక వంక.

3. కోతకి పిల్లల్ని తీసుకెళ్లండి

జనవరి చివర, ఫిబ్రవరిలో వేసిన విత్తులే ఇప్పుడు కాపుకొస్తాయి. బెండ 45, 50 రోజులకి, సొర సుమారు రెండు నెలలకి అందుతాయి. తోటకూర నెల లోపే. టమాటా మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి, ఎండలు ముదిరాక పూత రాలిపోతుంది. ఉన్న కాయల్ని కాస్త రంగు తిరగ్గానే కోసి ఇంట్లో పండనివ్వండి.

బెండకాయ రోజు విడిచి రోజు కోయాలి. కొన పట్టుకుని వంచితే 'టక్' మని విరగాలి, వంగి సాగిందంటే ముదిరినట్టే. బెండ నూగుకి చేతులు దురద పెడతాయి, పిల్లలకి పొడుగు చేతుల చొక్కా వేయండి. ముదిరిన కాయలు కూరకి పనికిరాకపోయినా రెండు మూడు చెట్టునే ఎండనివ్వండి, విత్తనానికి ఉంటాయి. వంకాయ నిగనిగలాడుతున్నప్పుడే కోయాలి. గోంగూర మొక్క పీకేయకుండా కొమ్మల చివర్లు తుంచితే పక్కల నుంచి కొత్త చిగుళ్లు వేస్తుంది.

సొరకాయకి గోరు నొక్కితే సులువుగా దిగాలి. ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: వండే ముందు పచ్చిముక్క చిన్నది నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయంతా పారేయండి. చేదెక్కిన సొరకాయలో ఉండే విషపదార్థం వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలు చేస్తుంది, ఉడికించినా పోదు.

4. ఒక సాయంత్రం సొరపాదు దగ్గర గడపండి

నన్నడిగితే వేసవి పెరట్లో పిల్లలకి దీన్ని మించింది లేదు. సొరపువ్వు తెల్లగా, పలచగా, సాయంత్రం పూట విచ్చుకుంటుంది. దాని మీదకి రాత్రి తిరిగే రెక్కలపురుగులు వస్తాయి. అవి తక్కువైతే పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. అప్పుడు మన చేత్తోనే పుప్పొడి అంటించవచ్చు.

ముందు పిల్లల్ని రెండు రకాల పువ్వులూ వెతకమనండి. మగపువ్వుకి కింద సన్నటి కాడ మాత్రమే ఉంటుంది. ఆడపువ్వు కింద బొటనవేలంత సొరపిందె, ఒంటినిండా నూగుతో, అచ్చం పెద్ద కాయలాగే ఉంటుంది. మగపువ్వుని కోసి, రేకులు మెల్లగా తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడి కాడని ఆడపువ్వు మధ్యభాగానికి నాలుగుసార్లు అద్దాలి. ఏ పిందెకి ఎవరు అద్దారో తెలిసేలా కాడకి రంగు దారం వదులుగా కట్టండి. నాలుగైదు రోజుల్లో పిందె లావెక్కి కిందికి వంగితే నిలిచినట్టే. ఎర్రదారం కాయ కోసిన రోజు మా మనవరాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని పప్పులో వేయనివ్వలేదు. మర్నాడు వేసుకున్నాం.

5. మామిడికాయ దింపే రోజు

ఆవకాయ కాయ వేరు, పండుకి కాయ వేరు. ఆవకాయకి టెంక కట్టి, పులుపు మీద గట్టిగా ఉండగానే దింపాలి. పండుకైతే తొడిమ పక్కన భుజాలు నిండి, చెట్టు మీద ఒకటో రెండో పండి రాలాక దింపాలి. చిక్కం కట్టిన గెడ పెద్దవాళ్లు పట్టుకోవాలి. కాయ నేలకి తగిలితే దెబ్బ పైకి కనిపించదు, మాగేటప్పుడు అక్కడే కుళ్లుతుంది.

వీలైనంతవరకు రెండంగుళాల తొడిమతో దింపి, తర్వాత తొడిమ విరిచి, కాయని తలకిందులుగా గడ్డి మీద ఆనించండి. సొన కారిపోతుంది. సొన పడితే ఒళ్లు పొక్కుతుంది, పిల్లల్ని కాస్త దూరంగా ఉంచి, కాయలు కడిగాకే చేతికివ్వండి. వరిగడ్డిలో పొరలు పొరలుగా పేర్చి మాగవేస్తే నాలుగైదు రోజుల్లో వాసన గది దాటుతుంది. రోజూ గడ్డి తీసి ఏది పండిందో వాసన చూసి చెప్పే పని తాతగారిది మా ఇంట్లో. కార్బైడ్ జోలికి పోవద్దు, అది నిషేధం.

పై కొమ్మల్లో కాయలు కొన్ని వదిలేయండి. అవి అందుకోవడం ఎలాగూ కష్టం. రామచిలుకలు, ఉడతలు వాటి మీదకి వస్తే కింది కాయల జోలికి తక్కువ వస్తాయని నా అనుభవం. కింది కాయలకి వల బదులు కాగితం సంచులు కట్టండి, పండుఈగ కూడా కుట్టదు. చిలక కొట్టిన పండు తియ్యన అని మనందరం తిన్నవాళ్లమే. కానీ ఆ గాటు చిలకదో, రాత్రి వచ్చిన గబ్బిలానిదో చెప్పలేం. గబ్బిలాల నుంచి నిపా లాంటి జబ్బులు వస్తాయి కాబట్టి కొరికిన పండు పిల్లలకి పెట్టకండి. ఎరువుగుంటలో వేసేయండి.

6. గూడు కనబడితే

కిందటేడు మా మల్లెపొదలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. అదే, నెత్తి మీద చిన్న కుచ్చు, తోక కింద ఎర్రమచ్చ ఉండే పిట్ట. గిన్నెలాంటి గూడు, లోపల గులాబీరంగు మీద ఎర్రచుక్కల గుడ్లు మూడు. మల్లెమొగ్గలు సాయంత్రం పూట, విచ్చుకోకముందు కోస్తాం కదా, ఆ పక్క మొగ్గలు కోయడం మానేశాం. సుమారు నాలుగు వారాల్లో పిల్లలు ఎగిరిపోయాయి. అన్నాళ్లూ దేవుడికి ఇవతలి పక్క పూలే.

గూటికి పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి. కొమ్మలు పక్కకి తీయొద్దు, ఫోన్‌తో దగ్గరికి వెళ్లొద్దు. మనం తొక్కిన దారి చూసి కాకీ పిల్లీ గూడు కనిపెడతాయి. ఈకలొచ్చిన పిల్ల నేల మీద గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోందన్నమాట, దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి తప్పుకోండి, తల్లి వస్తుంది. ఈకల్లేని పిల్ల పడితే గూట్లో పెట్టేయొచ్చు. మనిషి ముట్టుకుంటే తల్లి చేరనివ్వదన్నది నిజం కాదు. నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిలకపిల్లని పెంచుకుందామని పిల్లలు అడుగుతారు. మన చిలకల్ని పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెప్పండి.

కోకిల సంగతీ ఇక్కడే చెప్పాలి. నల్లగా, ఎర్రకళ్లతో ఉండి కూసేది మగది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఆకుల్లో కలిసిపోతుంది. అది కాకిగూట్లో గుడ్డు పెట్టిపోతుంది. కాకులు ఒక పిట్టని కూడి తరుముతుంటే అది కోకిలేమో చూడమనండి.

7. కరివేపాకు పురుగుని చంపకండి

కరివేపాకు మీద, నిమ్మ మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పురుగు. కొన్ని రోజులకి ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది. మీ పిల్లలకి ఒక్కసారి చూపించండి, పదేపదే వద్దు. తర్వాత అది కొమ్మకి పట్టుదారంతో నడుం కట్టేసుకుని, తాటిచెట్టు మీద మోకు ఆనుకుని వెనక్కి వాలిన గీతకార్మికుడిలా, కదలకుండా ఉండిపోతుంది. పదిరోజులు అటూ ఇటూగా, ఒక పొద్దున నల్లటి సీతాకోకచిలుక ముడతలు పడ్డ రెక్కలతో బయటికి వచ్చి, ఆరే దాకా అక్కడే వేలాడుతుంది. పెద్ద చెట్టయితే కొన్ని పురుగులు తిన్న ఆకు లెక్కలోకి రాదు. చిన్న మొక్కయితే పురుగుల్ని ఆకుతో సహా పెద్ద చెట్టు మీదకి మార్చండి. మిగతా పాదుల మీద పేనుబంక ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి, తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రమే కొట్టండి.

8. పాముల విషయంలో

కప్పలు, తొండలు ఉన్నచోటికి పాములూ వస్తాయి. జెర్రిపోతు ఎలకల్ని తింటుంది, విషం లేదు. కానీ ఏది ఏ పామో పోల్చే పని మనం పెట్టుకోవద్దు. చీకటి పడ్డాక టార్చి, చెప్పులు లేకుండా వెళ్లొద్దు. ఆకుల కుప్పలో, ఇటుకల సందులో చెయ్యి పెట్టొద్దు. పాము కనబడితే దూరం నుంచి కనిపెట్టుకుంటూ, పాములు పట్టేవాళ్లని గానీ అటవీశాఖని గానీ పిలవండి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం చేయకుండా కదలనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

9. మిగిలిన కాపుని ఎండబెట్టండి

మేలో అన్నీ ఒకేసారి కాస్తాయి. ఇరుగూ పొరుగుకి పంచగా మిగిలినవి ఒరుగులు చేయండి. మామిడి, దోస, వంకాయ ఏదైనా సరే. పుల్ల మామిడి చెక్కు తీసి పలచటి ముక్కలు కోసి, ఉప్పు, పసుపు కలిపి, మర్నాడు పొద్దున్నే చాప మీద పరవాలి. పాత నూలు చీర పైన కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి, లేకపోతే కాకులు ఉంచవు. రోజూ సాయంత్రం ఎత్తి లోపల పెట్టండి. మూడు నాలుగు రోజుల గట్టి ఎండకి ముక్క వంచితే విరుగుతుంది. వానాకాలంలో పప్పులో వేసుకోవచ్చు.

చాపకి కాపలా పిల్లలదే. నీడలో కూర్చుని ఒక నోటుపుస్తకంలో ఆరోజు వచ్చిన పిట్టలు, కోసిన కాయలు, తేదీ రాసుకుంటారు. పేరు తెలియని పిట్ట కూస్తే మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో వినిపిస్తే చాలావరకు చెప్తుంది. కానీ ముందు బొమ్మ గీయమనండి. మా మనవడు కిందటేడు గీసిన బొమ్మకి కింద రాసినది ఇంకా అలాగే ఉంది: "మే 11. ఎర్ర ముడ్డి పిట్ట. నిమ్మచెట్టు. నీళ్లు తాగింది, నా మూకుడులోనే."