ప్యాకేజీ టూర్ లేకుండా కుటుంబంతో విదేశాలకు వెళ్లడం ఎలా?

ప్యాకేజీలో వెళితే టూర్ మేనేజర్ వెంటే ఉంటాడు. బస్సు ఎక్కడ ఆగుతుందో, గది తాళం ఎవరిస్తారో, బాబుకి జ్వరమొస్తే ఎటు తీసుకెళ్లాలో అతనికి తెలుసు. సొంతంగా వెళితే అవన్నీ మన పనులే. అయితే వాటిలో చాలా వరకు ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోవచ్చు. చేయాల్సిన వరుసలోనే చెబుతాను.

ముందు పాస్‌పోర్టులు

టికెట్ల ధరలు చూడడం తర్వాత. ముందు ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టండి. మీరు వెళ్లే తేదీకి ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. యూరప్‌లోని షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమి) లెక్క వేరు: అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు గడువు ఉండాలి, పాస్‌పోర్టు ఇచ్చి 10 ఏళ్లు దాటకూడదు. పిల్లలవి మరీ జాగ్రత్తగా చూడండి. చాలాచోట్ల పిల్లల పాస్‌పోర్టు పెద్దవాళ్లదాని కంటే తొందరగా ముగిసిపోతుంది.

వీసా అవసరమైతే వీలైనంత ముందే దరఖాస్తు చేయండి. షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అవకాశం ఉంది, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. సెలవుల సీజన్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని. అమ్మ ఒక్కరో నాన్న ఒక్కరో పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అనుమతి పత్రం, పిల్లల జనన ధ్రువపత్రం బ్యాగులో ఉంచుకోండి. సరిహద్దు దగ్గర అడగవచ్చు.

టికెట్లు

మధ్యలో విమానం మారాల్సి వస్తే మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే కాస్త చవకగా కనిపిస్తుంది, నిజమే. కానీ చాలాసార్లు మధ్యలో ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అంటే ఆ దేశపు వీసా కూడా కావాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే కొత్త టికెట్ మన డబ్బుతోనే కొనాలి. చంటిబిడ్డతో, పెద్దవాళ్లతో ఈ టెన్షన్ పెట్టుకోవద్దని నా గట్టి సలహా. విమానం మారే విమానాశ్రయం పేరు కూడా చూడండి. టోక్యోకి నరిటా, హనేడా అని రెండున్నాయి. ఒకచోట దిగి రెండోచోట ఎక్కాలంటే చాలా దూరం వెళ్లాలి.

పాప వయసు రెండేళ్లకు దగ్గరగా ఉంటే ఇంకో సంగతి. ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్ రెండేళ్లు నిండే వరకే. పుట్టినరోజు ప్రయాణం మధ్యలో వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి.

మొదటి రాత్రి

నేను చెప్పే వాటిలో ఇది చాలా ముఖ్యం. ఒకసారి మేము రాత్రి పదకొండు దాటాక అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంట్ ముందు దిగాం. పాప నా భుజం మీద నిద్రపోతోంది, అమ్మ సూట్‌కేసు మీద కూలబడింది. తలుపు పక్కన గోడకి చిన్న తాళాల పెట్టె, దానికి నాలుగంకెల కోడ్. ఆ కోడ్ ఈమెయిల్‌లో ఉంది. ఈమెయిల్ తెరవడానికి ఫోన్‌లో నెట్ లేదు. వీధి చివర ఒక హోటల్ వాళ్లను అడిగి, వై-ఫై వాడుకుని, కోడ్ అరచేతిలో రాసుకుని వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ చలిలో అమ్మని అలా కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత నుంచి మొదటి రాత్రికి 24 గంటలూ రిసెప్షన్ ఉండే హోటలే తీసుకుంటున్నాను. అపార్ట్‌మెంట్ రెండో రోజు నుంచి. చిరునామా, ఫోన్ నంబరు, తాళం వివరాలు కాగితం మీద రాసుకుంటాను. టాక్సీ డ్రైవర్‌కి చూపించడానికి చిరునామా అక్కడి లిపిలో కూడా ఉండాలి. ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకునే సిమ్) ఇంటి వై-ఫై ఉండగానే ఎక్కించుకుంటాను. మన సొంత సిమ్ మాత్రం ఫోన్‌లోనే ఉండాలి, డేటా ఆపేస్తే చాలు. బయల్దేరే ముందు దానికి రోమింగ్ ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే బ్యాంకు ఓటీపీలు రావు.

సామాను, మందులు, డబ్బు

ఒక్కొక్కరికి ఒక్కో సూట్‌కేసు అని సర్దకండి. ప్రతి పెట్టెలో అందరివీ తలా రెండు జతలు కలపండి. ఒక పెట్టె రాకపోయినా ఎవరూ కట్టుబట్టలతో మిగలరు. పెట్టె రాకపోతే, పగిలితే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోండి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. మామూలుగా 100 వాట్-అవర్ల (Wh, అది నిల్వచేసే విద్యుత్తు లెక్క) వరకు అనుమతిస్తారు.

మందులు వాటి డబ్బాల్లోనే, డాక్టర్ చీటీతో పెట్టుకోండి. మన దగ్గర మామూలుగా వాడే మందు అక్కడ నిషేధం కావచ్చు. జపాన్‌లోకి సూడోఎఫెడ్రిన్ (ముక్కు దిబ్బడ తగ్గించే మందు) 10 శాతానికి మించిన జలుబు మందులు తీసుకెళ్లకూడదు. యూఏఈకి నొప్పి తగ్గించే కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులు తీసుకెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాలి.

కార్డులు రెండు, ఇద్దరి దగ్గర చెరొకటి. మెషీన్ మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. లేదంటే మారకం రేటు దగ్గర నష్టపోతాం.

రోజువారీ ప్లాన్

ఇంట్లో ఎవరు అందరికంటే నెమ్మదిగా నడుస్తారో వాళ్లను బట్టే రోజు ప్లాన్ వేయండి. రోజుకి ఒక్క చోటుకే టికెట్ ముందుగా కొనండి. మిగతాది ఓపికను బట్టి చూసుకోవచ్చు. గడియారం బాగా మారే దేశమైతే మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు. సెలవు దినాలు చూసుకోండి: పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మంగళవారం తెరవరు.

ఇక పిల్లలు. రోజూ పొద్దున గది దాటే ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోన్‌లో ఒక ఫొటో తీయండి. తప్పిపోతే ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కంగారులో గుర్తురాదు. చంటివాళ్ల మణికట్టు మీద మీ నంబరు పెన్నుతో రాయండి. అత్యవసర నంబరు పెద్దపిల్లలకి కంఠతా రావాలి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలో అది 112.

మెట్రో ఎక్కేటప్పుడు ఒకళ్లు లోపల, ఒకళ్లు బయట ఉండగా తలుపులు మూసుకుపోవచ్చు. దానికి మా ఇంట్లో ఒకటే పద్ధతి. లోపల ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ప్లాట్‌ఫామ్ మీద నిలబడాలి, ఎటూ కదలకూడదు. బయట ఉన్నవాళ్లు తర్వాతి రైల్లో వస్తారు. బయల్దేరే ముందు వారం రోజులు పడుకునేటప్పుడు పాపని అడిగేదాన్ని: "తలుపు మూసుకుపోతే ఏం చేస్తావ్?" "తర్వాతి స్టేషన్‌లో దిగి నీ కోసం చూస్తా" అని నిద్రలో కూడా చెప్పేంతగా నేర్చుకుంది.