కారు మనమే కడుగుదాం – 4: గ్లోవు తిరగేసి చూడండి

ఈ వారం కారు తుడిచి ఆరబెట్టడం చెబుదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి పోయింది. మూడో పాఠం చదివి రెండు బకెట్లు (ఒకదాంట్లో షాంపూ నీళ్లు, గ్లోవు జాడించడానికి రెండోదాంట్లో ఉత్త నీళ్లు) పెట్టుకుని కడిగినవాళ్లలో చాలామంది, కారు రుద్దడానికి చేతికి తొడుక్కునే కుచ్చుల గ్లోవు గురించి ఒకే మాట రాశారు: "గ్లోవు నెల తిరక్కుండానే విడిపోయింది." జయపురం నుంచి, రాయగడ నుంచి, ఫొటోలతో సహా. ముందు దాని సంగతి చూద్దాం. బకెట్లు, షాంపూ మళ్లీ చెప్పను.

ఒకరు స్నానం స్పాంజి చాలదా అన్నారు. చాలదు. స్పాంజి ముఖం చదును. ఇసుక రేణువు లోపలికి పోయే దారి లేక పెయింటు మీదే నలుగుతుంది. మన రోడ్ల దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో అది 7. కారు రంగు మీద ఉండే పారదర్శక పూత, అంటే క్లియర్ కోటు, మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, మన వెంట్రుక కన్నా పల్చన. గ్లోవుకైతే కుచ్చులుంటాయి. రేణువు వాటి మధ్యకి జారుతుంది, బకెట్లో జాడిస్తే రాలిపోతుంది.

గొర్రె ఉన్ని గ్లోవు పెయింటుకు చాలా మెత్తన, కాదనను. కానీ అసలు తోలుతో వచ్చేదాన్ని ఎండలో పడేస్తే బిరుసెక్కి పగులుతుంది. డాబా మీద తీగకి వేసి మర్చిపోయే ఇళ్లు మనవి. అందుకే నా ఓటు మైక్రోఫైబర్‌కే. పాలియెస్టర్ 80, పాలీమైడ్ (నైలాన్) 20 పాళ్లలో ఉన్నది దొరికితే చాలు. 70–30 కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. అందరూ గ్లోవుని పైనుంచి నిమిరి, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అని కొనేస్తారు. మీరు పంపిన ఫొటోల్లో కుచ్చులు ఒక్కదానిలోనూ పాడవలేదు. పోయినవన్నీ కుట్లే! గ్లోవు బతుకంతా లోపలి వైపే ఉంది. తిరగెయ్యండి.

మొదట మూతి దగ్గర, అంటే మణికట్టు పట్టీ. నీళ్లు పీల్చి బరువెక్కిన గ్లోవుని మనం లాగేది అక్కడే. ఒక్క వరస కుట్టుతో ఎలాస్టిక్ అతికించి ఉంటే ముందు అదే తెగుతుంది. రెండు వరసలుండాలి. రెండు చేతులా పట్టుకుని సాగదీయండి, దారం పటపటమంటే అక్కడే వదిలేయండి. ఎలాస్టిక్ బదులు స్వెటర్ చేతి చివర ఉండేలాంటి అల్లిక పట్టీ ఉంటే ఇంకా మంచిది.

తర్వాత పక్క కుట్టు. గుడ్డ అంచుకీ కుట్టుకీ మధ్య గోరు పట్టేంత జాగా ఉండాలి. అంచుకి ఆనుకుని కుట్టేస్తే నాలుగుసార్లు పిండేసరికి గుడ్డ పోగులూడి కుట్టులోంచి జారిపోతుంది. అంచు చుట్టూ ఓవర్‌లాక్, అంటే పోగులూడకుండా అంచుని చుట్టేసే కుట్టు, ఉందో లేదో చూడండి. మూలల్లో మరీ ముఖ్యం, వేళ్లతో పొడిచేది అక్కడే.

ఆ తర్వాత లైనింగు. మూతి దగ్గర మాత్రమే కుట్టిన లైనింగు, చెయ్యి తీసినప్పుడల్లా ప్యాంటు జేబులా బయటికొచ్చేస్తుంది. వేళ్ల చివర్న కూడా ఒక కుట్టు పడాలి. లోపల స్పాంజి కూరినవి అసలొద్దు. కొరాపుట్ వానల్లో అది వారమైనా ఆరదు, కంపు కొడుతుంది.

చివరగా కుచ్చులు రెండు వేళ్లతో పాయ తీసి అడుగు గుడ్డ చూడండి. వల కనబడితే పలచగా నాటారని అర్థం. ఒక కుచ్చు పట్టి గట్టిగానే లాగండి, ఊడొస్తే వద్దు. షాపువాడు ప్యాకెట్ విప్పనివ్వకపోతే ఇంకో షాపు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే తడపకముందే ఇదంతా చూడాలి, తడిపాక వెనక్కి తీసుకోరు.

రంగు లేతదే తీసుకోండి, ఇసుక కనబడుతుంది. ముదురు రంగువి మొదటిసారి విడిగా నానబెట్టండి.

చక్రాలకి వేరే గ్లోవు. సుంకి ఘాట్‌లో బ్రేకు తొక్కుకుంటూ సాలూరు దిగిన కారు చక్రాలు ఒకసారి వేలితో తుడిచి చూడండి. ఆ నల్లపొడిలో ఇనుప రజను ఉంటుంది. అదే గ్లోవు మళ్లీ బానెట్ మీదకి రాకూడదు. పాతబడిన గ్లోవుని చక్రాలకి దించేయడం నా పద్ధతి.

ఉతకడం: గోరువెచ్చని నీళ్లు, కొంచెం లిక్విడ్ సబ్బు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పోగుల మీద పూత పట్టి మురికి పట్టుకోదు. బ్లీచ్ వద్దు. మెలితిప్పి పిండొద్దు, ఒత్తండి. నీడలో మూతి కిందికి పెట్టి వేలాడదీయండి.

అభ్యాసం: ఈ ఆదివారం కారంతా వద్దు, ఒక్క డోరు. ముందు నీళ్లతో దుమ్ము జారగొట్టి, గ్లోవుతో పైనుంచి కిందికి ఒకసారి పోనిచ్చి, రెండో బకెట్లో జాడించి, స్టీలు పళ్లెంలో ఒత్తండి. అడుగున ఇసుక కనబడితే మళ్లీ జాడించి మళ్లీ ఒత్తండి. పళ్లెం శుభ్రంగా వచ్చేదాకా గ్లోవు డోరుకి తగలకూడదు. ఆరాక గ్లోవు తిరగేసి, కుట్లు నాలుగు వైపులా ఫొటో తీసి పంపండి.