సర్వేతో పరికల్పన పరీక్ష – 4: వర్గమూలం కింద ఏ శాతం వేయాలి?

పోయిన పాఠం లెక్కకి వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే చోట తప్పాయి. అందుకే రెండు సర్వేల పోలికని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఈసారి ఆ ఒక్క చోటే ఆగుదాం.

లెక్క ఇది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 67 శాతం. ఒక మండలంలో ఏడేళ్లు నిండినవాళ్లలోంచి లాటరీ పద్ధతిలో 400 మందిని తీశాం అనుకుందాం. వాళ్లలో 286 మంది అక్షరాస్యులు, అంటే 71.5 శాతం. శూన్య పరికల్పన, అంటే తేడా ఏమీ లేదని ముందుగా అనుకునే మాట: ఈ మండలంలోనూ 67 శాతమే. ప్రత్యామ్నాయం: 67 కాదు. 5 శాతం స్థాయిలో (శూన్య పరికల్పన నిజమైనా పొరపాటున తిరస్కరించే అవకాశం 5 శాతం) రెండు వైపుల పరీక్ష (ఎక్కువైనా, తక్కువైనా లెక్కలోకి తీసుకునేది) కాబట్టి జెడ్ విలువకి హద్దు 1.96. ఇంతవరకు అందరూ సరిగ్గానే వచ్చారు.

తేడా 0.045. దీన్ని ప్రామాణిక దోషంతో, అంటే శాంపిల్ శాతం మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలతతో భాగిస్తే జెడ్ విలువ వస్తుంది. ఆ దోషం కోసం శాతం × (1 − శాతం) ÷ మనుషుల సంఖ్య కట్టి వర్గమూలం తీయాలి. మీలో చాలామంది వర్గమూలం కింద 0.715 × 0.285 ÷ 400 వేశారు. జెడ్ విలువ 1.99 వచ్చేసరికి శూన్య పరికల్పనని తిరస్కరించేశారు. అక్కడ ఉండాల్సింది 0.67 × 0.33 ÷ 400. అలా చేస్తే జెడ్ 1.91. హద్దు దాటలేదు కాబట్టి తిరస్కరించలేం. సర్వే ఒకటే, తీర్పు మాత్రం తారుమారైంది.

మన ప్రశ్న ఏమిటి? "నిజంగా 67 శాతమే అయితే, 400 మందిలో ఇంత తేడా యాదృచ్ఛికంగా వస్తుందా?" 'అయితే' అన్నాక లెక్క పూర్తయ్యేదాకా ఆ మాట మీదే ఉండాలి. శాంపిళ్లు ఎంత అటూ ఇటూ అవుతాయో కూడా ఆ 67 నుంచే రావాలి. పైన 67ని, కింద 71.5ని నమ్మితే ఒకే లెక్కలో రెండు మండలాలు తయారవుతాయి.

విశ్వాస అంతరం (అసలు శాతం ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే పరిధి) పాఠంలో శాంపిల్ శాతమే వాడాం కదా అని అడగొచ్చు. అక్కడ ముందుగా అనుకున్న విలువంటూ లేదు, ఇక్కడ ఉంది. శాంపిల్ శాతంతో చేసే వాల్డ్ పరీక్ష కూడా ఒకటుంది. దాని బలహీనత చూడండి: 40 మందిని అడిగితే 40 మందీ అక్షరాస్యులే అనుకోండి. వర్గమూలం కింద 1 × 0. సున్నాతో భాగించాలి, లెక్క అక్కడే ఆగిపోతుంది. 0.67తో చేస్తే జెడ్ 4.44, శుభ్రంగా వస్తుంది.

నేనైతే శాతాలు వదిలేసి మనుషుల లెక్కలోనే చేస్తాను. 400లో 67 శాతం 268 మంది. వచ్చింది 286, తేడా 18. 268ని 0.33తో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 9.4. 18ని 9.4తో భాగిస్తే అదే 1.91. ఇలా చేస్తే 71.5 కిందకి దూరే సందే ఉండదు.

ఇంకొకటి. 1.91 చూశాక "ఒకవైపు పరీక్షకి హద్దు 1.645 కదా" అని మారొద్దు. ఎటువైపో డేటా చూడకముందే రాసిపెట్టుకోవాలి.

అభ్యాసం: 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక పోస్టులో పోల్ నిర్వహించింది. టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల్లాంటి వాటి నుంచి చిరునామాలు తీసుకుంది. సుమారు 23 లక్షల జవాబులొచ్చాయి. ఇద్దరు ప్రధాన అభ్యర్థులు లాండన్, రూజ్‌వెల్ట్‌ల మధ్య చూస్తే లాండన్‌కి 57 శాతం. శూన్య పరికల్పన 50 శాతంగా పెట్టి జెడ్ కట్టండి. 200 దాటాలి. కానీ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. మన సూత్రం కోరే షరతుల్లో ఈ పోల్ ఏవి తప్పిందో, జవాబులు 46 లక్షలైతే జెడ్ ఏమయ్యేదో, ఫలితం అంచనా మెరుగుపడేదో లేదో రాసి పంపండి.