కయాక్‌లో తీరం వెంబడి రోజుల తరబడి వెళ్తుంటే, రాత్రి గుడారం ఎక్కడ వేయాలి?

విశాఖ నుంచి కళింగపట్నం దాకా కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, వెళ్తే నాలుగైదు రాత్రులు ఒడ్డునే పడుకోవాలి. తెడ్డు వేయడానికి నెలల తరబడి సాధన చేసినవాళ్లు కూడా గుడారం దగ్గరికొచ్చేసరికి ఇసుక తెల్లగా, చదునుగా ఉంటే చాలనుకుంటారు. అర్ధరాత్రి నీళ్లలో లేస్తారు.

బయల్దేరడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మంచిది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. సామాను కొద్దిగానే: తాళ్లు కట్టకపోయినా నిలబడే గుడారం, మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు, ఎర్ర వెలుగు టార్చి, ఆరు గుడ్డ సంచులు. ఇసుకలో మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతండి.

చోటు ముందు రాత్రే మ్యాపులో చూసుకోవాలి. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒకటి, దానికి ఐదు కిలోమీటర్ల ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఉపగ్రహ చిత్రంలో ఇసుక వెడల్పుగా కనబడితే నమ్మకండి, అది ఆటు వేళ తీసింది కావచ్చు. మధ్యాహ్నం మూడింటికి ఒడ్డెక్కాల్సిందే. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు కుంకుతుంది, చోటు చీకట్లో వెతికేది కాదు.

కెరటాలు దక్షిణం నుంచి వస్తుంటే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకు ఉత్తరం పక్క నీరు నెమ్మదిగా ఉంటుంది. ఈశాన్యం నుంచి వస్తే దక్షిణం పక్క. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనల్లో కెరటాల దిక్కు, ఎత్తు, ఎన్ని సెకన్లకో కెరటం అన్నవి మూడూ చూడండి. ఒడ్డు ఏటవాలుగా ఉంటే అల ఒక్కసారిగా విరిగి మీద పడుతుంది, పొద్దున అక్కడి నుంచి బయల్దేరడమూ కష్టమే. సముద్రం వైపు నుంచి అల వీపు మాత్రమే కనబడుతుంది కాబట్టి ఉన్నదానికన్నా చిన్నదనిపిస్తుంది. పది నిమిషాలు ఆగి చూశాకే దిగండి. గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార నదులు సముద్రంలో కలిసే మొగలకు దూరంగా ఉండండి: ఆటు వేళ బయటికొచ్చే నదినీరు, లోపలికొచ్చే కెరటం ఢీకొని అక్కడ అలలు నిక్కుతాయి. ఇసుక మేటలు కూడా ఏటా చోటు మారతాయి.

ఇక అందరూ తప్పు చేసేది పోటు గీత దగ్గర. ఒడ్డున ఎండునాచు, పుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు చేరిన గీత కనబడుతుంది కదా, దానికి పది అడుగుల వెనక గుడారం వేసి సరిపోయిందనుకుంటారు. ఆ గీత పొద్దుటి పోటుది. రాత్రి పోటు అంతకన్నా పైకి రావచ్చు. రోజుకు రెండు పోట్లు, మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. ఆ రెండూ సమానం కావు. అష్టమి దాటి పున్నమికో అమావాస్యకో వెళ్లే వారంలో పోటు రోజురోజుకూ పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్దది పున్నమో అమావాస్యో దాటిన ఒకటి రెండు రోజులకు వస్తుంది. విశాఖ దగ్గర ఆ రోజుల్లో పోటుకూ ఆటుకూ తేడా దాదాపు మీటరున్నర, అష్టమికి అందులో సగం కూడా ఉండదు. అందుకే తిథి చూడకుండా గీతను నమ్మొద్దు. ఒడ్డున ఉన్న గీతలన్నిటిలో అన్నిటికన్నా పైదాన్నే లెక్కలోకి తీసుకోండి.

లెక్క దూరంలో కాదు, ఎత్తులో. పై గీత కన్నా గుడారం నేల మీటరు ఎత్తున ఉండాలి. కెరటాలు పద్నాలుగు సెకన్లకు మించి వస్తుంటే ఇంకో అర మీటరు కలపండి, అలాంటివి ఒడ్డు మీదికి చాలా దూరం పాకుతాయి. కొలవడం తేలిక. తెడ్డు కింది కొస నుంచి మీటరు ఎత్తున రంగు టేపు చుట్టి, దాన్ని గీత మీద నిలువుగా పట్టుకోమని తోటివారికి చెప్పండి. గుడారం అనుకున్నచోట బోర్లా పడుకుని, చెంప ఇసుకకు ఆనించి సముద్రం వైపు చూడండి. నీరూ ఆకాశమూ కలిసే గీత తెడ్డు మీద టేపు దగ్గరో, పైనో కనబడితే ఆ చోటు సరే. కిందుంటే ఇంకా వెనక్కి జరగాలి. ఆ గీతే కనబడకపోతే మీరు ఇసుక గట్టు వెనక పల్లంలో ఉన్నారు. గాలి తగలదని చాలామంది ఏరుకునేది సరిగ్గా అక్కడే! గట్టు దాటిన నీరు చేరేది కూడా అందులోకే. ఇసుక గట్టిగా, పైన ఉప్పు పొర కట్టి ఉంటే అది పల్లమేనని గుర్తు. మేకడెక్కలాంటి ఆకుల తీగ దట్టంగా అల్లుకున్న దిబ్బ నమ్మదగ్గది, మామూలు పోట్లు అక్కడిదాకా రావు.

ఫోన్‌లో పోటు సమయాలు చూస్తే చాలదా అంటారు. ఆ లెక్క చంద్రుడిదీ సూర్యుడిదీ మాత్రమే, గాలీ కెరటమూ అందులో ఉండవు. దగ్గర్లో పల్లె ఉంటే వలలు బాగుచేసుకునే పెద్దాయన పక్కన కూర్చుని "బాబాయ్, పోటు ఎందాకా వస్తాది?" అని అడగండి. ఆయన చెయ్యి చూపించిన చోటే హద్దు. పడవలు లాగి పెట్టిన దారికి రెండు వందల మీటర్లు పక్కన దిగండి, తెల్లవారుజామునే అవి నీళ్లలోకి వెళ్తాయి. సరుగుడు తోటలో నీడా గాలి అడ్డూ దొరుకుతాయి కానీ దానికి యజమాని ఉంటాడు, ముందు అడగాలి. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ కనబడితే అక్కడ గుడారం వేయకండి, మంట పెట్టకండి, తెల్ల దీపం వెలిగించకండి. వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. చివరిగా కయాక్‌ను గుడారం దాకా మోసుకొచ్చి, పాతిపెట్టిన సంచికే కట్టేయండి.