ఆవకాయ సీజన్‌కు ముందే: కొత్తగా వెబ్‌సైట్ పెట్టిన పచ్చళ్ల వ్యాపారులకు కొన్ని జాగ్రత్తలు

ఇంట్లో పెట్టిన పచ్చళ్లను సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముకోవాలనుకునే చిన్న కుటుంబాలకు, ఆ సైటు నలుగురి కంటా పడేలా చేసిపెట్టడం కొన్నేళ్లుగా నా పని. ఏటా ఉగాది వెళ్లిన వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. సైటు సిద్ధమైందనీ, మామిడికాయ మార్కెట్లోకి వస్తోందనీ, నెల తిరిగేలోగా గూగుల్‌లో పైన కనబడాలనీ అడుగుతారు. వారి ఆత్రుత నాకు అర్థమవుతుంది. ఆవకాయకు గట్టిగా ఉన్నది ఏప్రిల్, మే నెలలే. తొలకరి పడేసరికి కొనేవారు ఆ ఏటికి సరిపడా జాడీలు నింపేసుకుని ఉంటారు. అయితే సెర్చ్ ద్వారా మనుషులు రావడానికి పట్టే కాలం మన అవసరాన్ని చూసి తగ్గదు. సైటులో మార్పులు మొదలుపెట్టిన నాటి నుంచి ఫలితం కనబడటానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పడుతుందని గూగుల్ సంస్థే తన సూచనల్లో రాసింది. అంటే ఏప్రిల్‌లో ఆర్డర్లు రావాలంటే దసరా, దీపావళి నాటికే సైటు తయారై, దానిలో చదవదగిన విషయం ఉండాలి. నెలలో మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరైనా హామీ ఇస్తే, అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని కూడా గూగుల్ అదే చోట స్పష్టంగా చెప్పిందని గుర్తుంచుకోండి.

అన్నిటికన్నా ముందు డొమైన్, అంటే మీ సైటు చిరునామా, ఎవరి పేరున, ఎవరి ఈమెయిల్‌తో నమోదై ఉందో చూసుకోండి. సైటు చేసిపెట్టిన కుర్రాడు తన ఖాతాలోనే డొమైన్ కొనేయడం, గడువు ముగుస్తోందన్న హెచ్చరికలు అతని మెయిల్‌కే పోవడం, అతను ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోవడం చాలాసార్లు చూశాను. డొమైన్ చేజారితే అప్పటిదాకా కూడబెట్టుకున్న పేరంతా దానితోనే పోతుంది. హోస్టింగ్ (సైటును ఉంచే అద్దె చోటు) పాస్‌వర్డు, సెర్చ్ కన్సోల్ (సెర్చ్‌లో మీ సైటు ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సాధనం) యాజమాన్యం కూడా మీ మెయిల్ మీదే ఉండాలి. పని చేసేవారికి అవసరమైనంత అనుమతి విడిగా ఇవ్వవచ్చు.

ఆ తర్వాత చూడవలసినది, అసలు మీ సైటు గూగుల్ లెక్కలోకి వచ్చిందా లేదా అన్నది. ఒక ఏడు మే మొదటి వారంలో గోదావరి ప్రాంతం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, మూడు నెలలుగా సైటు నడుస్తున్నా ఒక్కరూ సెర్చ్ ద్వారా రాలేదని బాధపడ్డారు. ఆ సైటును నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్ తెరిచి, రీడింగ్ అన్న పేజీలో కిందికి వెళ్లి చూస్తే, సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును ఇండెక్స్ చేయవద్దని, అంటే తమ జాబితాలో చేర్చుకోవద్దని, కోరే గడిలో టిక్కు అలాగే ఉంది. సైటు తయారవుతున్నప్పుడు పెట్టిన ఆ టిక్కును పని పూర్తయ్యాక ఎవరూ తీయలేదు. తీయడానికి పట్టింది అర నిమిషం. ఆ ఏటి సీజన్ మాత్రం ఆవిడకు తిరిగి రాలేదు. నేను కూడా మొదటి రోజే అడిగి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే ఆవిడ సంక్రాంతికే నాకు సైటు లింకు పంపారు. అందుకే ఈ పని ఈ రోజే చేయండి: సెర్చ్ కన్సోల్ ఉచితం, దానిలో మీ సైటును చేర్చి, సైట్‌మ్యాప్ (మీ పేజీల చిరునామాల జాబితా) సమర్పించి, ముఖ్యమైన ప్రతి పేజీ చిరునామానూ పై పెట్టెలో అతికించి, అది ఇండెక్స్ అయిందో లేదో చూసుకోండి. కాలేదని చెబితే కారణం కూడా అక్కడే రాసి ఉంటుంది.

ఇక పేజీల్లో ఏం రాయాలన్న విషయం. పెద్ద కంపెనీలతో డబ్బులో పోటీ పడలేని మనకు ఉన్న బలమంతా ఇక్కడే ఉంది, పొరపాట్లు కూడా ఇక్కడే ఎక్కువ జరుగుతాయి. "నాణ్యమైన, రుచికరమైన, సంప్రదాయ ఆవకాయ" అని రాసిన పేజీ వేరే వంద పేజీలకు నకలులాగే ఉంటుంది. దానికి బదులు ఏ కాయ వాడారో, ముక్క టెంకతో కొట్టి జీడి తీశారో లేదో, నువ్వుల నూనె వాడారా వేరుశనగ నూనె వాడారా, వెల్లుల్లి వేశారా, మూడో రోజు తిరగకలిపిన తర్వాత ఎన్నాళ్లు ఊరనిచ్చి సీసాకు ఎత్తారో రాయండి. కొనేవారు ఫోన్‌లో మిమ్మల్ని అడిగే ప్రశ్నలే వారు గూగుల్‌ను అడిగే ప్రశ్నలు. వాట్సాప్‌లో పోయినేడాది వచ్చిన సందేశాలను ఒక సాయంత్రం కూర్చుని నోటుబుక్కులోకి ఎక్కించుకుంటే, ఏ పేజీలు రాయాలో చెప్పే జాబితా పైసా ఖర్చు లేకుండా తయారవుతుంది. అమెరికాకు పంపేవారైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది. పాత లెక్కలతో రాసిన పేజీ అలాగే ఉంటే, దాన్ని నమ్మి ఆర్డరు పెట్టిన మనిషి సుంకం కట్టవలసి వచ్చినప్పుడు నష్టపోయేది మీ మాటే. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారిచ్చిన 14 అంకెల సంఖ్యను సీసా మీదే కాక సైటులోనూ కనబడేలా పెట్టండి.

మనవాళ్లలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు. ఆవకాయను ఒకరు మొదట ఒకే "ఎ"తో రాస్తే మరొకరు రెండు పెడతారు. ఒక్కో స్పెల్లింగుకు ఒక్కో పేజీ పెట్టాలని, ఊరి పేరు మాత్రం మార్చి హైదరాబాదుకొకటి, విశాఖకొకటి, డాలస్‌కొకటి పెట్టాలని సలహా ఇచ్చేవారు ఉంటారు. అలా చేయకండి. ఒకే విషయాన్ని పేర్లు మార్చి పరచే పేజీలను గూగుల్ స్పామ్‌గానే లెక్కిస్తుంది. ఒక మంచి పేజీ ఉంచి, దానిలో తెలుగు లిపిలోనూ, జనం వాడే ఒకటి రెండు ఇంగ్లీషు రూపాల్లోనూ పేరు సహజంగా వచ్చేలా రాస్తే చాలు. కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో కనబడకుండా పెట్టే వెతుకుడు మాటల జాబితా) నింపుతామని డబ్బు అడిగితే ఇవ్వవద్దు. ర్యాంకింగ్‌కు, అంటే ఫలితాల్లో ఎవరు పైన ఉండాలో తేల్చడానికి, దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

చేతిలో కొద్ది డబ్బే ఉన్నవారిని ఎక్కువగా ముంచేది బ్యాక్‌లింకుల ప్యాకేజీ. కొన్ని వేలు కడితే వందల సైట్ల నుంచి లింకులు ఇప్పిస్తామంటారు. ర్యాంకింగ్ కోసం లింకులు కొనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, 2012లో గూగుల్ తన సెర్చ్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది ఇలాంటి వాటి కోసమే. మీ అదృష్టం బాగుంటే ఆ లింకులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తారు, డబ్బు మాత్రం పోతుంది. బాగోకపోతే సైటు మీద చర్య తీసుకుంటారు, దాని నుంచి బయటపడేసరికి సీజన్ దాటిపోతుంది. యంత్రంతో రోజుకు పాతిక వ్యాసాలు రాయించి నింపడం కూడా ఇలాంటిదే. చదివేవారికి పనికిరాని పేజీలను గుట్టలుగా పోయడాన్ని, అవి మనిషి రాసినా యంత్రం రాసినా, 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో చేర్చారు. మీకు కాయలు ఇచ్చే రైతు సంఘం సైటు నుంచో, మీ గురించి రాసిన జిల్లా విలేకరి కథనం నుంచో అడగకుండా వచ్చిన ఒక్క లింకు ఆ వందల కన్నా మేలు. సమీక్షల విషయంలోనూ అంతే: కొన్నవారిని రాయమని అడగవచ్చు, రాసినందుకు తగ్గింపు ఇవ్వకూడదు.

ఫొటోల గురించి ఒక్క మాట. ఫోన్‌లో తీసిన ఫొటోను అలాగే ఎక్కిస్తే ఒక్కొక్కటీ నాలుగైదు ఎంబీలు ఉంటుంది, పల్లెలో చూసేవారికి పేజీ తెరుచుకోదు. పరిమాణం తగ్గించి ఎక్కించండి. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలో కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత.

ప్రకటనలకు కట్టే డబ్బు వల్ల మామూలు ఫలితాల్లో మీ స్థానం పెరగదు. అయినా మొదటి ఏడు సెర్చ్ నుంచి వచ్చేవారు తక్కువగానే ఉంటారు కాబట్టి, ఉన్న దానిలో కొంత ఏప్రిల్ ప్రకటనల కోసం దాచుకోమనే నేను చెబుతాను. రోజువారీ బడ్జెట్ పెట్టేటప్పుడు ఒక సంగతి తెలుసుకోండి: నెల మొత్తానికి పరిమితి దాటకపోయినా, ఏదైనా ఒక రోజున గూగుల్ మీరు పెట్టిన మొత్తానికి రెండింతల వరకు ఖర్చు చేయవచ్చు. కార్డులో ఆ మేరకు చూసుకోకపోతే ఇంటి ఖర్చుకు ఉంచిన డబ్బు కదిలిపోతుంది.

సీజన్ మొదలయ్యాక సైటు డిజైన్ మార్చకండి, పేజీల చిరునామాలు అసలే మార్చకండి. తప్పనిసరిగా మార్చవలసి వస్తే పాత చిరునామా నుంచి కొత్త దానికి 301 మళ్లింపు (పాత చిరునామాకు వచ్చినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టించండి. జూన్‌లో సరుకు అయిపోగానే ఆవకాయ పేజీని తీసేయడం, మళ్లీ ఏడాది కొత్త పేజీ పెట్టడం మాత్రం దయచేసి చేయకండి. ఏడాది పొడవునా సంపాదించుకున్న స్థానాన్ని మీ చేత్తో మీరే చెరిపేసినట్లవుతుంది. చిరునామాలో సంవత్సరం అంకె లేకుండా పేజీని అలాగే ఉంచి, ఈ ఏటి సరుకు అయిపోయిందనీ, కొత్తది ఎప్పుడు వస్తుందనీ రాసి, ముందుగా చెప్పి ఉంచుకునేవారి కోసం ఫోన్ నంబరు పెట్టండి. సెర్చ్ కన్సోల్ లెక్కలు 16 నెలల వరకే నిలవ ఉంటాయి కనుక, జూలైలో ఒక రోజు కూర్చుని ఏప్రిల్, మే నెలల్లో ఏ మాటలతో ఎంతమంది వచ్చారో షీటులోకి దింపుకుని, మళ్లీ దసరాకు సైటు ముందు కూర్చున్నప్పుడు అది చేతిలో ఉండేలా చూసుకోండి.