ఇంగ్లండ్ పల్లె చరిత్రను దాని చర్చి ద్వారా తెలుసుకోవడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఏ పాత పల్లె గురించి తెలుసుకోవాలన్నా ముందు చర్చి దగ్గరికే వెళ్లాలి. బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు శతాబ్దాల పాటు అక్కడే నమోదయ్యాయి. డార్బీషర్‌లోని ఈమ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1665-66లో ప్లేగు సోకినప్పుడు, అది పక్క ఊళ్లకు పాకకూడదని తన పొలిమేరను తానే మూసుకున్న ఊరు అది.

1. ముందు ఆవరణంతా తిరగండి. సెయింట్ లారెన్స్ చర్చి పక్కనున్న చెక్కడాల రాతి శిలువ సుమారు 8వ శతాబ్దం నాటిది, అంటే ఇప్పటి చర్చి కంటే ఎంతో పాతది. అక్కడే పాదిరి విలియం మాంపెసన్ భార్య క్యాథరిన్ సమాధి ఉంది. ఆమె 1666 ఆగస్టులో ప్లేగుతో చనిపోయింది. అరిగిపోయిన అక్షరాలు ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో బాగా కనిపిస్తాయి. రాళ్ల మీద సుద్ద రుద్దకండి, పాడైపోతాయి.

2. లోపల ద్వారాల తోరణాలు చూడండి. గుండ్రటివి సాధారణంగా 12వ శతాబ్దానివి, కొనదేరినవి ఆ తర్వాతివి.

3. అసలు పని రిజిస్టర్‌తోనే. ప్రతి చర్చి ఇవి రాయాలని 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ఆదేశించాడు. పాత పుస్తకాలు ఎక్కువగా కౌంటీ రికార్డు కార్యాలయాల్లో ఉంటాయి. తేదీలతో జాగ్రత్త: 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి "1665 ఫిబ్రవరి" అని ఉంటే మన లెక్కలో అది 1666.

ఖననాలను నెలలవారీగా కాగితంపై రాసుకోండి. ఈమ్‌లో దర్జీ ఇంట్లో పనిచేసే జార్జ్ వికర్స్‌తో, 1665 సెప్టెంబరులో, వరుస మొదలవుతుంది. చలికాలంలో చావులు తగ్గి, మరుసటి వేసవిలో విజృంభిస్తాయి. ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆగి చదవండి. ఎలిజబెత్ హాంకాక్ దాదాపు వారం రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ పోగొట్టుకుంది. వాళ్లను తానే పూడ్చింది. ఈ వరుసను తొందరగా దాటేయడం నాకు న్యాయమనిపించదు.

4. ఇప్పుడు ఊరి బయటికి నడవండి. హాంకాక్ సమాధులు చర్చి దగ్గర లేవు, రైలీ పొలాల్లో ఉన్నాయి. ఎవరి మృతులను వారే తమ నేలలో పూడ్చుకోవాలని అప్పట్లో కట్టుబాటు చేసుకున్నారు. ప్రార్థనలు కూడా చర్చిలో ఆపి కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట జరిపారు. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ దారిలోని సరిహద్దు రాతి గుంటల్లో, రోగం అంటకుండా వెనిగర్ పోసి నాణేలు ఉంచితే, బయటివారు ఆహారం పెట్టి వెళ్లేవారు.

5. చివరగా, ప్రచారంలో ఉన్న కథను పరీక్షించండి. 350 మందిలో 260 మంది పోయారని చాలాకాలం చెప్పుకున్నారు. మృతుల సంఖ్యకు రిజిస్టరే ఆధారం. కానీ ఊరి జనాభా 350 కంటే చాలా ఎక్కువ ఉండవచ్చని తర్వాతి పరిశోధకులు అంటున్నారు. ఇలాంటి చోట పొయ్యి పన్ను జాబితాలు పనికొస్తాయి. 1662 నుంచి 1689 వరకు ఇళ్లలోని పొయ్యిలను లెక్కించి వేసిన పన్ను అది.

పేరు తక్కువగా వినిపించేవారి కోసం కూడా వెతకండి. పొలిమేర మూసుకోవాలని ఊరిని ఒప్పించిన కీర్తి ఎక్కువగా మాంపెసన్‌కే దక్కింది. కానీ కొత్తగా వచ్చిన ఆయన మాట ఒక్కటే అయితే ఊరు వినేది కాదు. చర్చిలన్నీ ఒకే ప్రార్థన పద్ధతి పాటించాలన్న కొత్త చట్టానికి ఒప్పుకోనందుకు 1662లో పదవి పోగొట్టుకున్న పాత పాదిరి థామస్ స్టాన్లీ ఆయన పక్కన నిలబడ్డాడు. జనం నమ్మింది స్టాన్లీని. 1670లో చనిపోయేదాకా ఆయన ఈమ్‌లోనే ఉన్నాడు.